సాక్ష్యం చెప్పి సూది మానేశాను

పలకను ఇసుకరాయితో రుద్దుతుంటే దగ్గు వచ్చింది. దగ్గు మా షెడ్డులో కొత్త కాదు. మార్కాపురంలో పలకల పని చేసేవాళ్లలో దగ్గనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గనిలో తవ్విన రాతిని మగవాళ్లు పొరలుగా చీల్చి కోసి ఇస్తే, మేము ఆడవాళ్లం నీళ్లు పోసి నున్నగా రుద్దుతాం. ఆ దుమ్ము ముక్కులోనూ ఉంటుంది, తినే ముద్దలోనూ ఉంటుంది. కానీ ఆ రోజు దగ్గాక పలక మీద బూడిదరంగు నీళ్లలో ఒక ఎర్రటి చార కనబడింది. వేలు తెగిందేమోనని పది వేళ్లూ చూసుకున్నాను. ఏదీ తెగలేదు. గబగబా నీళ్లు కుమ్మరించి పలక కడిగేశాను. పక్కవాళ్లు చూస్తారేమో అన్నది మొదట తోచింది. నాకేమైందో అన్నది తర్వాత తోచింది.

మా నాయన క్షయతో పోయినాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. గిద్దలూరు దగ్గర మా ఊళ్లో, మేకల కొట్టం పక్కన విడిగా ఒక పాక వేసి ఆయన్ను అందులో పెట్టారు. మా అమ్మ అన్నం పళ్లెం కింద పెట్టి కర్రతో లోపలికి నెట్టేది. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు, నేను వెళ్లేదాన్ని కాదు. నా భయం అంతా ఆ పాకలోంచే వచ్చింది. చావంటే అంత భయం లేదు. ఆ కర్ర అంటే భయం.

నాకు అప్పటికి ఐదేళ్ల కూతురు, మేరీ. ఎర్ర చార చూసిన రోజు ఇంటికి వెళ్లాక అది పరుగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుంది. మొదటిసారి దాన్ని విదిలించి పక్కకు నెట్టాను. అది బిత్తరపోయి చూసింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నాలుగేళ్లో ఐదేళ్లో అయింది. జిల్లా ఆసుపత్రి అంటే మాకు కర్నూలే, అంత దూరం పోలేం. గిద్దలూరు వైపు రైల్లో వెళ్తే దారిలో ఒక ఆసుపత్రి ఉండేది. మా ఆయన యోహాను గనిలో రెండు రోజులు సెలవు పెట్టి నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. మా నాయన సంగతి చెప్పాను. కఫం పరీక్ష చేశారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, కుడివైపు పైన ఒక చోట వేలు పెట్టారు.

"ఇది క్యావిటీ అమ్మా, ఊపిరితిత్తిలో గుంట. టీబీ. ఇప్పుడు దీనికి మందుంది, మీ నాయన కాలంలో లేదు. అరవై స్ట్రెప్టోమైసిన్ సూదులు, మీ ఊళ్లోనే వేయించుకో. ఐఎన్‌హెచ్, పీఏఎస్ మాత్రలు పద్దెనిమిది నెలలు. పద్దెనిమిది అంటే పద్దెనిమిదే. దగ్గు తగ్గింది గదా అని మధ్యలో ఆపినావంటే, రెండోసారి ఈ మందు నీ మాట వినదు."

బిడ్డను దూరంగా ఉంచమన్నారు. కఫంలో పురుగు కనబడకుండా పోయేదాకా ఒకే ఇంట్లో వద్దన్నారు. మేరీని గిద్దలూరు దగ్గర మా అమ్మ ఇంట్లో వదిలి వచ్చాం. మా అమ్మ ఎందుకని అడగలేదు. నా ముఖం చూసే తెలుసుకుంది.

ఇప్పుడు దీనమ్మ సంగతి చెప్పాలి. ఆమె పేరు అది కాదు, మార్చాను. ఆమె చేసినట్టు నేను చేయకూడదు కదా.

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు ఒక వాడుక ఉంది. ఇద్దరిద్దరు జతకూడి పనికి పోయేముందు పొద్దున్నే గుడి గోడ దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. జతలో చెప్పుకున్న మాట జత దాటకూడదు. నా జత దీనమ్మ. నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆరేళ్లు ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. మా ఆయన తాగి వచ్చిన రోజులూ, కడుపు పోయిన రోజూ ఆమెకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. మేరీకి మూడేళ్లప్పుడు తట్టు పోసి కళ్లు తెరవకపోతే, నేను భయంతో పసుపు గుడ్డలో కాసు కట్టి పోలేరమ్మకు ముడుపు పెట్టాను. బాప్తిస్మం తీసుకున్నదాన్ని, గుడిలో పాటలు పాడేదాన్ని, ఆ పని చేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. దీనమ్మకు చెప్పి ఏడిస్తే ఆమె నా తల నిమిరి, "దేవుడు మరిచిపోతాడులే చెల్లెలా, నేను కూడా మరిచిపోతా" అంది.

క్షయ సంగతి కూడా మొదట ఆమెకే చెప్పాను.

"నీకొక్కదానికే చెప్తున్నా అక్కా. షెడ్డులో తెలిస్తే పని పోతాది."

"ఏందే నువ్వు చెప్పేది! నా నోట్లోంచి వస్తే అడుగు."

శనివారం ఆడవాళ్ల కూటంలో దీనమ్మ లేచి నిలబడింది. కళ్లనిండా నీళ్లు. "మన కరుణమ్మకు క్షయ వచ్చింది. అందరం భారంతో ప్రార్థన చెయ్యాల" అంది. ఇరవై మంది ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఏడ్చారు. నా తల మీద చేతులు పెట్టి ప్రార్థించారు. నిజంగానే ఏడ్చారు, అబద్ధం చెప్పను. మర్నాడు కొళాయి దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చినవాళ్లే తమ బిందెలు నా బిందె పక్కనుంచి జరుపుకున్నారు. సోమవారం షెడ్డులో మేస్త్రీ నా ముఖం చూడకుండా, "నయమైనాక రా అమ్మా" అన్నాడు.

దీనమ్మను అడిగాను.

"నీకొక్కదానికే చెప్పినా గదక్కా?"

"నేనేమన్నా సంతలో చెప్పినానా? దేవుని సన్నిధిలో గదా చెప్పినా! నీ మంచికే గదే!"

ప్రార్థన కోసం చెప్పిందాన్ని తప్పు ఎట్లా పట్టేది? పట్టినా వినేదెవరు? తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నొప్పి మనకు తెలుస్తుంది, నెత్తురు ఎవరికీ కనబడదు.

మార్కాపురంలోనే కాంపౌండరు దగ్గర సూదులు వేయించుకున్నాను. పిర్రలు రాళ్లలా గట్టిపడ్డాయి. చెవుల్లో ఈలలు. పీఏఎస్ మింగితే కడుపులో దేవేది, సగం రోజు వాంతులు. అయినా రెండు నెలలు తిరిగేసరికి జ్వరం పోయింది. దగ్గు తగ్గింది. రవికలు బిగుతయ్యాయి. అప్పుడే సంఘంలో నా కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. ముందు నిలబడి నడిపించింది దీనమ్మే. మూడో రోజు సాయంత్రం ఆమె నా గడ్డం పట్టుకుని, "ముఖం చూడండమ్మా, ఎట్ల నిగనిగలాడతాందో! స్వస్థత అయిపోయింది. రేపు ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పు" అంది.

నేను లేచాను. ఎందుకు లేచానో దాపరికం లేకుండా చెప్తాను. మళ్లీ నా బిందె పక్కన బిందె పెడతారని లేచాను. మేరీ ఇంటికి వస్తుందని లేచాను. "ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేసినాడు, నాలో ఇప్పుడు ఏ రోగమూ లేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. దీనమ్మ అందరి ముందూ నన్ను కౌగిలించుకుంది.

మా సంఘంలో సాక్ష్యం అంటే మాటలు కాదు. నిలబడి చెప్పామంటే అది రాయి మీద రాసినట్టు. సోమవారం సూదికి బయల్దేరుతుంటే గుమ్మంలో మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"యాడికి?"

"సూదికి. ఇంకా పదకొండు ఉండాయి."

"నలుగురిలో రోగం లేదని చెప్పినావు గదా. ఇప్పుడు సూది పొడిపించుకుంటే ఏమనుకుంటారు? దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా?"

ఆయన చెడ్డవాడు కాదు. నా మాటే నాకు అడ్డం పెట్టాడు. చెప్పు విడిచి లోపలికి వచ్చాను. మాత్రల డబ్బా ధాన్యం కుండ వెనక పెట్టాను. ఆ వారమే వెళ్లి మేరీని తీసుకొచ్చుకున్నాను. నాలుగు నెలలు అది నా మెడ కింద తల పెట్టి పడుకుంది. ఆ నాలుగు నెలలంత సుఖం నా జన్మలో లేదు. అందుకే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఐదో నెలలో నెత్తురు పడింది. ఈసారి చార కాదు, గుప్పెడు. మేరీ చూసింది. "అమ్మా, ఎర్రగా ఏంది?" అంది.

మూడో రోజున అయ్యగారు, మా సంఘకాపరి, ఇద్దరు పెద్దలతో ఇంటికి వచ్చారు. ప్రార్థన చేయడానికి వచ్చారనుకుని చాప వేశాను. ఆయన కూర్చోలేదు.

"అమ్మా కరుణమ్మా, స్వస్థత నిలవలేదంటే ఏదో అడ్డం ఉండాల. పోలేరమ్మకు ముడుపు కట్టినావంట. నిజమేనా?"

ఆ మాట దేవుడికి తెలుసు, దీనమ్మకు తెలుసు. దేవుడు అయ్యగారికి చెప్పి ఉండడు.

మా ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. అవునన్నాను. సంఘం ముందు ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవద్దన్నారు. వాళ్లు వెళ్లాక దీనమ్మ ఇంటికి పోయి ఆమె జుట్టు పట్టుకోవాలనిపించింది. లేచే ఓపిక లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. నేను నానబోసింది శనగలు కాదు, నా బతుకు.

దేవుడి మీద కూడా కోపం వచ్చింది. వాళ్లు నీ పేరు చెప్పే కదా నా సూది మాన్పించారు, నీ నోరు ఏమైంది అని అడిగాను. పది రోజులు ప్రార్థన మానేశాను.

మళ్లీ అదే రైలు. ఈసారి మేరీ కూడా ఉంది. డాక్టరుగారు కొత్త ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి రెండింటినీ మార్చి మార్చి చూశారు. తర్వాత అడిగారు.

"మందు ఎన్నాళ్లు ఆపినావు?"

"నాలుగు నెలల పైన సార్."

"ఎందుకు?"

చెప్పాను. కోప్పడతారని తల వంచుకున్నాను. ఆయన మా మతంవాడు కాదు. మా దేవుణ్ణి ఏమంటాడోనని అప్పుడు కూడా భయపడ్డాను, చూడండి! ఆయన కుర్చీ వెనక్కి జరిపి అన్నారు.

"ప్రార్థన చేసుకోవద్దని నేనెప్పుడైనా చెప్పినానా? చేసుకో. చేసుకుని మాత్ర మింగు. రెండూ ఒక నోటితోనే గదా చేసేది. ఇప్పుడు రెసిస్టెన్స్ వచ్చిందో, మందు ఇంకా నీ మాట వింటాదో చూడాల. అడ్మిట్ కావాల. బిడ్డను కూడా పరీక్ష చేస్తాం, ఆ నాలుగు నెలలూ నీ పక్కనే పడుకుంది గదా."

ఆ చివరి మాట దాకా నేను నా గురించే ఆలోచిస్తున్నాను. మేరీకి చేతి మీద పరీక్ష సూది వేసి మూడు రోజులు ఆగమన్నారు. మూడో రోజు ఎక్స్‌రేకు లోపలికి తీసుకెళ్లారు. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకున్నాను. మా నాయన పాక కళ్ల ముందు కనబడింది. అందులో ఇప్పుడు మేరీ ఉంది, కర్ర నా చేతిలో ఉంది.

అక్కడ ప్రార్థన చేశాను. సంఘంలో నేర్చుకున్న ప్రార్థన కాదు. నమ్ముతున్నాను, పొందాను, అయిపోయింది అనే మాటలు నోటికి రాలేదు. "దేవా, నాకు భయంగా ఉంది. బిడ్డకు ఏమీ లేదని చెప్పించు. ఉందని చెప్తే మాత్రం నన్ను వదిలి పోవద్దు. ఈ బల్ల మీద నా పక్కన కూర్చో" అన్నాను. అంతే. భయం లేదని దేవుడికి అబద్ధం చెప్పకపోవడం నాకు అదే మొదటిసారి. ఆకాశం ఏమీ తెరుచుకోలేదు. కానీ కాసేపటికి చూస్తే నా చేతులు బల్ల అంచును వదిలేసి ఒళ్లో ఉన్నాయి. మా నాయన పిలిచినప్పుడు నేను వెళ్లలేదు. నేను పిలిస్తే ఎవరో వచ్చారు. అది నేను ఒట్టేసి చెప్పగలను.

సిస్టరమ్మ తలుపు తీసి, "పాప ఊపిరితిత్తులు క్లియర్. భయం లేదు. జాగ్రత్తగా చూద్దాం" అంది. నేను ఆ బల్లనే పట్టుకుని ఏడ్చాను.

మేరీ మళ్లీ మా అమ్మ దగ్గరికి వెళ్లింది. నేను ఏడు నెలలు వార్డులో ఉన్నాను. మందు నా మాట వింది, కానీ బాగా బతిమాలించుకుంది. రెండు నెలలు కఫం పాజిటివ్ అనే వచ్చింది. మూడో నెల నెగెటివ్ వచ్చి, నాలుగో నెల మళ్లీ పాజిటివ్ వచ్చింది. ప్రతి రిపోర్టు ముందూ భయం వచ్చేది. రానిచ్చేదాన్ని. వచ్చిందని దేవుడికి చెప్పేదాన్ని. మాత్ర మింగేదాన్ని. ఐదో నెల నుంచి నెగెటివే.

నా పక్క మంచం మీద గొర్రెలు కాసే ముసలామె ఉండేది. ఆమె హిందువు. నేను కళ్లు మూసుకోవడం రోజూ చూసి ఒకనాడు నా చెయ్యి గోకింది. "అమ్మా, నీ దేవునికి నా మాట కూడా ఒకటి చెప్తావా? ఎవురికీ చెప్పాకు మళ్లా" అంది. చెప్పింది. ఆమె ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ఆమె వార్డు విడిచి వెళ్లాక కూడా ఎవరితోనూ అనలేదు. దేవుడికి మాత్రం రోజూ చెప్తున్నాను.

డిశ్చార్జి అయి వచ్చాక మొదటి ఆదివారం గుడికి వెళ్లాను. మా ఆయన వద్దన్నాడు, తర్వాత తనే ముందు నడిచాడు. సాక్ష్యాల సమయంలో లేచాను. పైటలోంచి మాత్రల పొట్లం తీసి చేతిలో పట్టుకున్నాను. దీనమ్మ ముందు వరసలో ఉంది.

"ముడుపు కట్టిన మాట నిజం. బిడ్డ చస్తాదన్న భయంతో కట్టినా. దానికి దేవుని ముందర ఎప్పుడో ఏడ్చినా. ఇంకొక పాపం కూడా ఉంది, అది మీరెవ్వరూ అడగలేదు. రోగం ఉండంగానే లేదని ఈడనే నిలబడి చెప్పినా. మీ చప్పట్ల కోసం చెప్పినా. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటాండా. నాకింకా రోగముంది. దేవుడు నాకు తోడుండాడు. రెండూ నిజమే."

మాత్రలు నోట్లో వేసుకున్నాను. నీళ్ల చెంబు ఇంటి నుంచే తెచ్చుకున్నాను. అక్కడ అడిగితే ఎవరిస్తారో చూసే ఓపిక నాకు లేదు. గటగటా తాగి కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అయ్యగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు.

మందు పూర్తయి మూడేళ్లయింది. దుమ్ములో కూర్చోవద్దన్నారు కాబట్టి రుద్దే పని మానేసి, వరండాలో పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి కుదిరాను. మేరీ బడికి పోతుంది. నేను చట్రం బిగించిన పలక మీదే రాస్తుంది. ఆరు నెలలకోసారి దానికి పరీక్ష చేయిస్తున్నాను.

దీనమ్మను క్షమించావా అని అడుగుతారు. ప్రార్థనలో ఆమె పేరు చెప్తాను. పేరు దగ్గరే ఆగిపోతాను. అంతవరకే వచ్చాను, మిగతాది దేవుడి పని. నాకు జత ఎవరూ లేరు. ఒక్కదాన్నే కూర్చుంటాను.

పోయిన నెలలో మా సంఘం నుంచి ఒకామె వచ్చి నా గుమ్మంలో నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. కొంగు మీద ఎర్రగా కనబడింది. "నీకొక్కదానికే చెప్తున్నా. ఎవురికీ చెప్పాకు" అంది. దీనమ్మేనా అంటారా? అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. నా నోట ఆమె పేరు రాదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. మంచినీళ్లు ఇచ్చాను. మర్నాడు అదే రైల్లో తీసుకెళ్లాను.

రైల్లో ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. ప్రార్థన ఈ రోజే మొదలుపెట్టండి. సాక్ష్యానికి తొందర లేదు. డాక్టరు చీటీ మీద ఇక మందు చాలని రాసేదాకా, బాగైందని చెప్పమని ఎవరు లేపినా లేవవద్దు.